షురికి పోయినా ఎస్తెబాన్ మిగిలాడు: ‘ఎలెనా ఆఫ్ అవలోర్’లో లాటిన్ అమెరికా ఎక్కడుంది?

2012 అక్టోబరులో డిస్నీ నోరు జారి ఇరుక్కుంది. మరుసటి నెల మొదలు కావాల్సిన ‘సోఫియా ద ఫస్ట్’ అనే పిల్లల యానిమేషన్ సీరియల్ గురించి విలేకరులతో మాట్లాడుతూ, నిర్మాతల్లో ఒకరు సోఫియా తల్లిది స్పెయిన్‌ను పోలిన రాజ్యమనీ, అందుకే ఆ పిల్ల లాటినా (లాటిన్ అమెరికా మూలాలున్న అమ్మాయి) అనీ చెప్పేశారు. ‘డిస్నీకి తొలి లాటినా రాకుమారి’ అన్న వార్త అమెరికా అంతా పాకింది. తీరా బొమ్మ చూస్తే నీలికళ్లు, తెల్లటి తెలుపు. అక్కడి లాటినో సంఘాలకు ఒళ్లు మండింది. ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నది ఒకటైతే, చేతిలో పెట్టింది ఇంకొకటి అని గొడవ మొదలైంది. చివరికి డిస్నీ జూనియర్ ఉన్నతాధికారి ఒకరు కల్పించుకుని, సోఫియా కథాలోకపు పిల్ల అనీ, ఆ లోకంలో నిజమైన దేశాలే ఉండవనీ సర్దిచెప్పాల్సి వచ్చింది.

ఆ వేడి చల్లారకముందే 2013 మేలో మరో తప్పటడుగు పడింది. మెక్సికో ప్రజలు చనిపోయిన తమవాళ్లను తలుచుకునే ‘దియా దె లోస్ ముయెర్తోస్’ పండుగ పేరు మీదే ట్రేడ్‌మార్క్ కావాలని డిస్నీ దరఖాస్తులు పెట్టింది. పండుగ పేరు ఒక కంపెనీ సొత్తెలా అవుతుందని జనం తిరగబడ్డారు. కొద్ది రోజులకే దరఖాస్తులు వెనక్కి వెళ్లాయి.

లాటినా రాకుమారి కథగా డిస్నీ తీసిన యానిమేషన్ సీరియల్ ‘ఎలెనా ఆఫ్ అవలోర్’ పుట్టుకను ఈ రెండు దెబ్బల తర్వాతే చూడాలి. 2015 జనవరిలో ప్రకటించారు, 2016 జులై 22న ప్రసారం మొదలైంది, మూడు సీజన్లు నడిచి 2020 ఆగస్టు 23న ముగిసింది. సృష్టికర్త క్రెయిగ్ గెర్బర్. సోఫియా సీరియల్ కూడా ఆయనదే. సోఫియా మెడలో ఉండే తాయెత్తులోనే ఎలెనా బందీగా ఉందని, సోఫియా ఆమెను విడిపించిందని కథ కలిపారు. అంటే 2012లో ఏ పిల్ల మీద గొడవ జరిగిందో ఆ పిల్ల మెడలోంచే అసలు లాటినా రాకుమారి బయటికొచ్చిందన్నమాట. కావాలని చేశారో, అలా కుదిరిందో గానీ, ఇంతకంటే చక్కటి దిద్దుబాటు ఊహించడం కష్టం.

ఈసారి ఎక్కడా తడబడకూడదన్న జాగ్రత్త ప్రతి అంగుళంలో కనిపిస్తుంది. సంస్కృతి విషయాల్లో సలహాలకు లాటినో రంగస్థల నిపుణులను పెట్టుకున్నారు. ఎలెనాకు గొంతు ఇచ్చిన ఎయిమీ కరేరో డొమినికన్ రిపబ్లిక్‌లో పుట్టిన నటి. చెల్లెలు ఇసబెల్ గొంతు జెన్నా ఒర్తెగాది. అప్పటికి ఆ అమ్మాయి పేరు ప్రపంచానికి తెలియదు. టైటిల్ పాట పాడింది గ్వాటెమాలా గాయని గాబీ మొరేనో. దుష్టరాణి షురికికి మాత్రం హాలీవుడ్ నటి జేన్ ఫోండా గొంతు. జీవితమంతా ప్రభుత్వాల మీద పోరాటాలు చేసిన మనిషిని నియంత పాత్రకు పిలవడంలో కాస్త కొంటెతనం ఉంది.

ఇంత జాగ్రత్తగా కట్టిన అవలోర్ రాజ్యం మ్యాపులో ఎక్కడుంటుందంటే జవాబు దొరకదు. అక్కడ ఎగిరే హాకీన్లు ఉంటాయి: ఒళ్లు జాగ్వార్‌ది, రెక్కలు మకావ్ చిలుకవి. మెక్సికో కళాకారులు కాగితపు గుజ్జుతో, చెక్కతో చేసే అలెబ్రిహే బొమ్మలను చూసినవారికి ఆ రంగులు వెంటనే గుర్తుకొస్తాయి. ఎలెనాకు దారి చూపే జూజో అనే నక్క ఆత్మను ‘చనుల్’ అంటారు. దక్షిణ మెక్సికోలోని త్సోత్సిల్ మాయా ప్రజల నమ్మకాల్లో మనిషికి తోడుండే జంతు ఆత్మకు ఉన్న పేరే అది. రాజ్యానికి పూర్వీకులుగా చెప్పే మరువియన్లు మాయా నాగరికతకు నీడలాంటివాళ్లు. పాటల్లో ఒకచోట మెక్సికో మరియాచి బృందాల ట్రంపెట్లు మోగుతాయి, ఇంకోచోట కరీబియన్ సాల్సా అందుకుంటుంది. ఒక వారం మెక్సికో పండుగ, మరో వారం దక్షిణ అమెరికా జానపదంలోని భూతం.

లాటిన్ అమెరికాలో ఇన్నీ కలిసి ఉండే ఊరు ఉండదు. మెక్సికోలోని ప్వెబ్లాలో మరియాచి వింటారు, ప్వెర్తోరికోలోని సాన్ హువాన్‌లో సాల్సా ఆడతారు, మధ్యలో సముద్రం ఉంది. ఈ రెండు ఊళ్ల మనవలూ ఒకే బడిలో, ఒకే బెంచీలో కూర్చునేది లాస్ ఏంజెలెస్‌లోనో షికాగోలోనో. అవలోర్ అసలు చిరునామా అదే. మెక్సికన్లు, క్యూబన్లు, ప్వెర్తోరికన్లు అని విడివిడిగా ఉన్నవాళ్లను ‘హిస్పానిక్’ అనే ఒకే గడిలో లెక్కపెట్టడం అమెరికా జనగణనలో దేశమంతటా మొదలైంది 1980లోనే. 2010 నాటికి ఆ గడిలో 5 కోట్ల మంది తేలారు. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల్లో దాదాపు నాలుగో వంతు వాళ్లే. పిల్లల టీవీ నడిపే ఏ సంస్థయినా ఆ లెక్క చూసి కళ్లు మూసుకోలేదు. 2000లో వచ్చిన కార్టూన్ పిల్ల ‘డోరా’ కూడా ఫలానా దేశం పిల్ల అని చెప్పకుండా అందరి పిల్లగా తయారైందే. ఎలెనాకు కొత్తగా దక్కింది కిరీటం.

కలగాపులగం అనే విమర్శ ఇక్కడి నుంచే వచ్చింది. అది నిజమే గానీ అంత బలమైనదేమీ కాదు. యూరప్ రాకుమారి కథల్లో ఫ్రెంచి కోట, జర్మన్ అడవి, ఇంగ్లీషు గుర్రపుబండి కలిసిపోతే అడిగినవాళ్లు లేరు. తేడా ఏమిటంటే అలాంటి కథలు వందలున్నాయి, లాటినా రాకుమారి ఒక్కతే. ఒక్కతే అయినప్పుడు ఇరవై దేశాల బరువూ ఆమె మీదే పడుతుంది. ఈ ఇబ్బంది మనకూ కొత్త కాదు. 2020 మార్చిలో డిస్నీ జూనియర్‌లో మొదలైన ‘మీరా, రాయల్ డిటెక్టివ్’ కథ జల్పూర్ అనే భారతీయ రాజ్యంలో నడుస్తుంది. అందులో దీపావళి ఉంది, హోలీ ఉంది, కోటలు, వీధులు చాలావరకు ఉత్తరాది పోకడ. న్యూజెర్సీలోనో డాలస్‌లోనో పెరుగుతున్న తెలుగు పిల్లలు దాన్ని ‘మన కథ’ అనే చూశారు. సంక్రాంతి ముగ్గు లేదని, పులిహోర లేదని పెద్దవాళ్లకు అనిపిస్తే అనిపించి ఉండొచ్చు.

కలపడం కన్నా ఆలోచించాల్సింది తీసేయడం గురించి. అవలోర్‌లో దాదాపు అందరి పేర్లూ స్పానిష్ పేర్లే. ముద్దుగా పిలిచేటప్పుడు ‘మిహా’ అంటారు, అమ్మమ్మను ‘అబ్వేలా’ అంటారు, క్రిస్మస్‌ను ‘నవిదాద్’ పేరుతో జరుపుకుంటారు. ఇవన్నీ ఓడల మీద వచ్చినవి. ఆ ఓడలు పంపిన స్పెయిన్ మాత్రం కథలో లేదు. కొలంబస్ ఓడలు అమెరికా చేరిన 1492 జరగకుండానే దాని ఫలితాలన్నీ వచ్చేశాయి. మరువియన్ల నుంచి కథలో ఎక్కువగా కనిపించేది శిథిలమైన గుళ్లు, శాసనాలు, మణులు, మంత్రశక్తి. నిజంలో మాయా ప్రజలు గ్వాటెమాలాలో, మెక్సికోలో లక్షల సంఖ్యలో బతికే ఉన్నారు, తమ భాషలు మాట్లాడుకుంటున్నారు. ఐదేళ్ల పిల్లకు ఆక్రమణ చరిత్ర చెప్పమని ఎవరూ అడగరు. కానీ బతికున్నవాళ్లను పురావస్తువులుగా చూపడం తప్పనిసరి కాదు కదా.

2019 డిసెంబరులో వచ్చిన హనుక్కా (యూదుల దీపాల పండుగ) ఎపిసోడ్‌లో ఈ లోటు మరీ తేటగా కనబడుతుంది. రెబెక్కా అనే యూదు రాకుమారి అవలోర్‌కు వస్తుంది, దీపాలు వెలిగిస్తారు, వేయించిన పిండివంటలు పంచుకుంటారు. స్పానిష్ మూలాలున్న యూదులు కూడా లాటిన్ అమెరికా కథలో భాగమేనని గుర్తుచేయడం మంచి ఆలోచన. అయితే ఆ యూదులు ప్రపంచమంతా చెదిరిపోయింది 1492లో స్పెయిన్ రాజు, రాణి తరిమేయడం వల్ల. కొలంబస్ బయల్దేరిందీ ఆ ఏడాదే. హనుక్కా దీపం అవలోర్ దాకా చేరింది గానీ, దాన్ని అక్కడికి చేర్చిన తేదీ మాత్రం మళ్లీ బయటే ఉండిపోయింది.

మృతుల పండుగ ఎపిసోడ్ మొదటి సీజన్‌లోనే, 2016లో వచ్చింది. పేరు మీద హక్కు అడిగి చెంపలేసుకున్న సంస్థ అదే పండుగను ఇంటి పండుగగా చూపించే పరీక్ష అది. ఎలెనా తల్లిదండ్రులను షురికి చంపింది కాబట్టి ఆ పిల్ల పెట్టే నైవేద్యపు పీఠం అలంకారం కోసం పెట్టింది కాదు. పటం, తిండి, పూలు, కొవ్వొత్తులు అన్నీ ఇద్దరు నిర్దిష్టమైన మనుషుల కోసం. ఈ పండుగకు మెక్సికోలో వీధుల నిండా పరిచే పువ్వు బంతిపువ్వే. ఆ మొక్క పుట్టిల్లు కూడా మెక్సికోనే. మన గుమ్మాలకు కట్టే బంతితోరణం మూలం అటువైపు ఉందని ఈ ఎపిసోడ్ చూసే తెలుగు పిల్లలకు ఎవరైనా చెబితే బాగుంటుంది.

ఎలెనా కథలో బలమున్నది మాత్రం పండుగల్లో కాదు, కొలువులో. పదహారేళ్ల పిల్ల తన రాజ్యాన్ని గెలుచుకుంటుంది. మామూలు కథైతే అక్కడ శుభం కార్డు పడుతుంది. ఇక్కడ అక్కడే మొదలవుతుంది. వయసు చాలదు కనుక ఆమె రాణి కాదు, యువరాణి మాత్రమే. గ్రాండ్ కౌన్సిల్ అనే సలహామండలితో కలిసి ఏలాలి. అందులో అమ్మమ్మ లూయిసా, తాతయ్య ఫ్రాన్సిస్కో, ఛాన్సలర్‌గా ఉన్న కజిన్ ఎస్తెబాన్. నాలుగో కుర్చీ ఏ జమీందారుకో ఇవ్వకుండా ఓడరేవు అధికారి కూతురు నయోమికి ఇస్తుంది ఎలెనా. నయోమి లాటినా కాదు, రాజవంశం కాదు, ఓడల మీద తిరిగి పెరిగిన పిల్ల. రేవులో ఏం జరుగుతోందో తెలిసిన మనిషి సభలో ఉండాలన్న ఈ చిన్న నిర్ణయంలో పరిపాలన గురించి చాలా పెద్ద పుస్తకాలు చెప్పేదే ఉంది.

ఆమె దగ్గరున్న రాజదండానికి మంత్రశక్తి ఉంది, కానీ వాడిన ప్రతిసారీ ఒంట్లో సత్తువ లాగేస్తుంది. మూడో సీజన్‌లో ఆ శక్తి ఆమె మనోభావాలతో ముడిపడి, కోపం వచ్చినా భయం వేసినా గౌను రంగు మారిపోతుంది. పాలించే మనిషి మనసులో ఏముందో సభంతటికీ కనపడిపోతే ఎలా ఉంటుందన్న చిలిపి ఊహ అది. ఇక పెళ్లి సంగతి మూడు సీజన్లలోనూ కథకు ఇరుసు కాలేదు. రాకుమారి కథకు ఆ మాత్రం తెగువ కూడా తక్కువేమీ కాదు.

ఇంత దూరం వచ్చాక ఎస్తెబాన్ దగ్గర ఆగక తప్పదు. షురికి అవలోర్‌ను ఏలింది 41 ఏళ్లు. ఎలెనా అన్నేళ్లూ తాయెత్తులో ఉంది. అమ్మమ్మను, తాతయ్యను, చెల్లెలిని కాపాడడానికి రాజమాంత్రికుడు అలకజార్ వాళ్లను ఒక చిత్రపటంలో దాచాడు. ముగ్గురికీ వయసు కదలలేదు. బయట మిగిలింది ఎస్తెబాన్ ఒక్కడే. అతను నెరిసిపోయాడు, ఛాన్సలర్ అయ్యాడు, నియంత కొలువులో నాలుగు దశాబ్దాలు ఉద్యోగం చేశాడు. షురికిని తరిమేసిన మర్నాడు కూడా అదే పదవిలో కూర్చున్నాడు. ఎందుకంటే ఖజానాలో ఎంతుందో, ఏ రాజ్యంతో ఏ ఒప్పందం ఉందో తెలిసింది అతనొక్కడికే. పైగా ఇంటివాడు.

పిల్లలకు ఇది తమాషాగానే కనిపిస్తుంది. ఎస్తెబాన్ గొప్పలకు పోతాడు, మర్యాదలంటే పిచ్చి, ఎలెనా తొందరపాటు చూసి నిట్టూరుస్తాడు. మొదట్లో అతన్ని నవ్వుల పాత్ర అనుకుంటారు. ఇంతలో విక్టర్ డెల్గాడో అనే పాత మిత్రుడు ఊడిపడతాడు. కోట తలుపులు షురికికి తెరిచింది ఈ ఇద్దరేనని, ఎస్తెబాన్ కొలువు చేయడమే కాదు, కుట్రలోనూ చేయి కలిపాడని అప్పుడు చూసేవాళ్లకు తెలుస్తుంది. ఎలెనాకు మాత్రం తెలియదు. నిజం ఆమెదాకా రావడానికి చాలా ఎపిసోడ్లు పడుతుంది. అన్నాళ్లూ ఎస్తెబాన్ మంచి పనులు చేస్తూనే ఉంటాడు, రహస్యం కాపాడుకోవడానికి అబద్ధాలు పేరుస్తూనే ఉంటాడు. రెండూ నిజాయితీగానే చేస్తాడు, అదే ఆ పాత్రలోని గట్టిదనం. ఎలెనా వైపు చనిపోయిన తల్లిదండ్రులు. ఎస్తెబాన్ వైపు, సింహాసనం వరసలో తనకెప్పుడూ చోటు లేదన్న కడుపుమంట.

హాకీన్లు, సాల్సా, నైవేద్యపు పీఠం కన్నా లాటిన్ అమెరికాకు దగ్గరగా ఉన్నది ఈ ఛాన్సలరే. నియంత పోతాడు, అతని యంత్రాంగం పోదు. చిలీలో సైనిక నియంత పినోచే 1990 మార్చిలో అధ్యక్షపదవి దిగాడు. సైన్యాధిపతిగా మాత్రం 1998 దాకా ఉన్నాడు, ఆపైన జీవితకాల సెనేటర్ అయ్యాడు. ఎన్నికైన ప్రభుత్వం అతనితో ఒకే ఊళ్లో, దాదాపు ఒకే బల్ల దగ్గర పని చేయాల్సి వచ్చింది. అర్జెంటీనాలో సైనిక పాలన 1983లో ముగిసింది, 1985లో సేనానులను కోర్టులో నిలబెట్టి శిక్షించారు. రెండేళ్లకే, పై అధికారి ఆజ్ఞ మేరకు చేసిన కిందివాళ్లను విచారించరాదని చట్టం తెచ్చారు. ఆ చట్టం చెల్లదని అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది 2005లో. ‘ఆజ్ఞ అది, నేనేం చేయను’ అన్న మాట ఎస్తెబాన్ నోట వినపడకపోయినా, అతను కూర్చున్న కుర్చీ మీద రాసే ఉంది.

డిస్నీ రచయితలు చిలీని, అర్జెంటీనాను దృష్టిలో పెట్టుకున్నారని అనడం లేదు. విలన్‌ను ఇంట్లోనే పెడితే కథ నడుస్తుందన్న లెక్కే అయి ఉండొచ్చు. అయినా ఫలితం చూడదగింది. ప్రతి లాటిన్ దేశానికీ ఒక ముక్క పంచాలన్న ఆరాటంతో చేసినవన్నీ అమెరికా జనగణన గడిలా తయారయ్యాయి. ఎవరినీ మెప్పించాలన్న ధ్యాస లేకుండా రాసుకున్న ఒక కుటుంబ రహస్యం మాత్రం ఆ ఖండంలోని ఎన్నో దేశాల అనుభవానికి తగిలింది. తాత ఏ వైపు ఉన్నాడన్న ప్రశ్నను భోజనాల బల్ల దగ్గర ఇప్పటికీ ఎవరూ ఎత్తని ఇళ్లు చిలీ రాజధాని శాంటియాగోలో, అర్జెంటీనా రాజధాని బ్వేనోస్ ఐరెస్‌లో తక్కువేమీ లేవు.

నిజం బయటపడ్డాక ఎస్తెబాన్ రాజ్యానికి దూరమవుతాడు, శత్రువుల పక్షాన చేరతాడు, చివరి సీజన్ అంతా ఆ లాగులాటే. ముగింపులో ఎలెనాకు పట్టాభిషేకం జరుగుతుంది, ఎస్తెబాన్‌కు క్షమాపణ దొరుకుతుంది. కన్నీళ్లు తెప్పించే ఘట్టమే. కాకపోతే అక్కడ క్షమించేది ఒక కజిన్, క్షమాపణ పొందేది ఒక కజిన్. ఎలెనా పోగొట్టుకున్నది తల్లిదండ్రులను, కాబట్టి ఆ హక్కు ఆమెకుంది. ఎలెనా కొలువులోని యువ మాంత్రికుడు మాతేయో లాంటివాళ్లు షురికి రాజ్యంలోనే పుట్టారు. తాత అలకజార్ నుంచి రావాల్సిన మంత్రవిద్యను అతను దొంగచాటుగా నేర్చుకుంటూ పెరిగాడు. 41 ఏళ్లు ఆ పాలన కింద బతికిన అతని ఇంటిలాంటి ఇళ్ల తరఫున క్షమించాల్సింది ఎవరన్న సంగతిని కథ పట్టాభిషేకపు సందడిలో దాటేసింది. అర్జెంటీనాలో కిందివాళ్ల సంగతి తేల్చే పనిని మళ్లీ కోర్టులకు అప్పజెప్పడానికి, విచారణ వద్దన్న చట్టం వచ్చిన 1987 నుంచి 2005 దాకా పట్టింది.